గొట్టంలో ఏముంది?

టెలిస్కోపు బొమ్మ గీయమని ఏ పిల్లాణ్నయినా అడిగి చూడండి. ముందు ఓ గొట్టం గీస్తాడు. ఆ తర్వాతే దానికి మూడు కాళ్లు, కొసన కన్ను పెట్టి చూసే మనిషీ. దుర్భిణి అంటే గొట్టమేనని మన మనసులో అంతగా ముద్ర పడిపోయింది. నిజానికి చుక్కల నుంచి వచ్చే వెలుతురు ఆ గొట్టాన్ని తాకనే తాకదు. తాకకూడదు కూడా. తిన్నగా వచ్చి అడుగునున్న గుంట అద్దం మీద పడుతుంది. అక్కణ్నుంచి వెనక్కి మళ్లి, పై భాగంలో ఏటవాలుగా అమర్చిన చిన్న అద్దానికి తగిలి, పక్కనున్న కటకంలోంచి మన కంట్లోకి వచ్చేస్తుంది. 1668లో న్యూటన్ చేసిన ఏర్పాటు ఇదే. ఇప్పటికీ ఇళ్లలో చేసుకునే టెలిస్కోపుల్లో ఎక్కువ భాగం ఈ రకానివే.

వెలుతురు తాకని గొట్టం గురించి ఇంత ఆలోచన దేనికంటారా? అద్దం విషయంలో మనకున్న దారులు రెండే. కొనుక్కోవాలి, లేదా కార్బొరండమ్ పొడి వేసి వారాల తరబడి ఓపిగ్గా అరగదీసుకోవాలి. గొట్టం అలాకాదు. ఏ ఊళ్లో ఉన్నవాళ్లు ఆ ఊళ్లో దొరికేదానితో చేసుకోవాలి. మంచి అద్దాన్ని తెచ్చి తగని గొట్టంలో పెడితే నాలుగు రోజులు చూసి అటకెక్కించేస్తారు. ఇంట్లోనే కాదు, బడిలోనైనా అంతే.

భీమ్‌గల్‌నే తీసుకుందాం. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దగ్గరి పసుపు ఊరు. పక్కనే లింబాద్రి గుట్ట. హైదరాబాద్‌లోలా రాత్రంతా ఆకాశాన్ని తెల్లగా వెలిగించే దీపాల హోరు ఇక్కడ లేదు. ఊరు దాటి చేల గట్ల మీదికి వెళ్తే, నగరంలో కనిపించేవాటికి ఎన్నో రెట్లు చుక్కలు. ఆకాశం ఉంది, చూసే కళ్లున్నాయి. మధ్యలో కావాల్సింది ఓ టెలిస్కోపు. ఈ ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే ఓ అమ్మాయి, పసుపు పండించే వాళ్ల నాన్న కలిసి ఆరంగుళాల అద్దంతో టెలిస్కోపు చేద్దామనుకున్నారని అనుకుందాం. గొట్టానికి ఏం వాడాలి?

చేసే పనులు మూడే

వస్తువు ఎంచుకోవాలంటే ముందు దాని పనేంటో తెలియాలి. గొట్టం చేసే పనులు మూడు. మొదటిది, రెండు అద్దాల్నీ ఒకే వరుసలో కదలకుండా పట్టుకోవడం. టెలిస్కోపును నెత్తి మీది చుక్క నుంచి దిగంతం వైపు వంచినా ఆ వరుస చెదరకూడదు. రెండోది, వీధి దీపాల వెలుతురు, పక్కింటి బల్బు కాంతి లోపలికి రాకుండా ఆపడం. మూడోది చాలామందికి తట్టదు. లోపలున్న గాలిని కదలనివ్వకపోవడం.

వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు మీద దూరంగా చూస్తే నీళ్లలా అల్లాడుతూ కనిపిస్తుంది కదా. పొయ్యి మీది నుంచి అవతలి గోడను చూసినా అంతే. వేడి గాలి, చల్ల గాలి కలిసేచోట వెలుతురు వంకర్లు పోతుంది. టెలిస్కోపు గొట్టంలోనూ ఇదే జరుగుతుంది. గొట్టం గోడ ఓ వేడి మీద, బయటి గాలి మరో వేడి మీద ఉంటే లోపల గాలి సుళ్లు తిరుగుతుంది. దాన్ని వంద రెట్లు పెద్దది చేసి చూస్తాం కాబట్టి చంద్రుడి అంచు ఉడుకుతున్న పాలలా కదులుతుంది. గురుగ్రహం మీది పట్టీలు మసకబారిపోతాయి. ‘అద్దం బాగాలేదు’ అని తిట్టుకుంటాం. తప్పు అద్దానిది కాదు, గాలిది. గొట్టంలో ఏముందంటే గాలి ఉంది. దాని సంగతి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

కొలత ముందు, కోత తర్వాత

గొట్టం కొనే ముందు అద్దం చేతిలో ఉండాలి. ఆరంగుళాల అద్దానికి నాభ్యంతరం సాధారణంగా 120 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చేత్తో అరగదీసిన అద్దమైతే అది 117 కావచ్చు, 123 కావచ్చు. చందమామ బింబాన్ని అద్దంతో ఓ తెల్ల కాగితం మీద పడేలా చేసి, స్పష్టంగా వచ్చిన చోటికి టేపుతో కొలవండి. అదే అసలు నాభ్యంతరం.

ఆరంగుళాలంటే 152 మిల్లీమీటర్లు. గొట్టం లోపలి వెడల్పు దానికంటే కనీసం నాలుగు సెంటీమీటర్లు ఎక్కువుంటే మేలు. అద్దాన్ని సరిచేసే మరలకు చోటుంటుంది, గోడ వెంట పైకి లేచే వెచ్చని గాలి వెలుతురు దారిలోకి రాదు. చిన్న అద్దం ఎక్కడుండాలో తెలుసుకోవడానికి లెక్క తేలిక. గొట్టం బయటి వెడల్పులో సగం, దాని మీద కటకం బిగించే ఫోకసర్ ఎత్తు. ఈ రెండూ కలిపి నాభ్యంతరంలోంచి తీసేయాలి. గొట్టంలో సగం పదిన్నర, ఫోకసర్ ఎనిమిదిన్నర సెంటీమీటర్లయితే మొత్తం 19. 120లోంచి 19 పోతే 101. పెద్దద్దం ముఖం నుంచి చిన్నద్దం నడిమధ్యకు 101 సెంటీమీటర్లు. వెనక అద్దాన్ని బిగించే పీటకు ఏడెనిమిది, ముందు వైపు నీడకోసం పదిహేను కలిపితే 125 సెంటీమీటర్ల గొట్టం కావాలి. రంధ్రం చేసే ముందు రెండుసార్లు లెక్క చూసుకోండి. నాలుగు సెంటీమీటర్లు తేడా వస్తే ఎంత తిప్పినా బొమ్మ స్పష్టంగా కుదరదు.

‘బాపూ, ఈ పైపు ఉంది గదా!’

ఆర్మూరు ప్రాంతంలో ఏ రైతు ఇంటి వెనక చూసినా ఓ పీవీసీ పైపు ముక్క పడి ఉంటుంది. బోరుబావుల నేల కదా. అమ్మాయి కన్ను మొదట పడేది దాని మీదే. చేతికి అందే వస్తువు, గుండ్రంగా ఉంది, ఖర్చు లేదు. పనికొస్తుందా అంటే, వస్తుంది. 200 మిల్లీమీటర్ల సాగునీటి పైపు లోపల ఆరంగుళాల అద్దం చక్కగా సరిపోతుంది. తడికి చెడదు, చెద పట్టదు.

ఇబ్బందులూ ఉన్నాయి. నాలుగు మిల్లీమీటర్ల మందమున్న పైపు 120 సెంటీమీటర్ల ముక్క నాలుగు కిలోలకు పైగా తూగుతుంది. బోరులో దించే కేసింగ్ పైపు గోడ ఇంకా మందం, బరువూ ఇంకా ఎక్కువ. రెండోది ఎండ. పీవీసీ వేడికి మెత్తబడుతుంది. ఏప్రిల్ ఎండలో రెండు ఇటుకల మీద పడుకోబెట్టి వదిలేస్తే నడుం వంగుతుంది. ఎన్నాళ్లో ఎండలో పడున్న ముక్క అయితే అప్పటికే గుండ్రం తప్పి కోడిగుడ్డులా ఉండొచ్చు. కాబట్టి నీడలో ఉంచిన, వంకర లేని ముక్కనే ఎంచుకోవాలి. నునుపుగా ఉండే లోపలి గోడకు రంగు నిలవదు. గరుకు కాగితంతో బాగా రుద్ది వేయాలి. ఇంత చేస్తే మొదటి టెలిస్కోపుకు పీవీసీ చెడ్డదేం కాదు.

రేకు మెరుస్తుంది, చెమరుస్తుంది

రేకు పనిచేసేవాళ్లు బజారులో ఉంటారు. కొలతలిస్తే ఓ పూటలో గుండ్రంగా చుట్టి, అంచులు మడిచి కొట్టి ఇస్తారు. అర మిల్లీమీటరు జీఐ రేకుతో చేస్తే బరువు మూడు కిలోల లోపే. ఒక మిల్లీమీటరు అల్యూమినియమైతే రెండు కిలోలు. తేలిక, గట్టిదనం రెండూ ఉన్నాయి. రెండు కొసల్లో, ఫోకసర్ దగ్గర కట్టు పట్టీలు వేయించకపోతే మాత్రం తాకినప్పుడల్లా డప్పులా అదురుతుంది.

రేకు త్వరగా చల్లబడుతుంది కాబట్టి మంచిదే అనుకుంటాం. అక్కడే ఓ తిరకాసుంది. చలికాలం పొద్దున్నే ఆరుబయట పెట్టిన మోటార్‌సైకిల్ ట్యాంకును ముట్టుకోండి. తడిగా ఉంటుంది. నిర్మలమైన ఆకాశం కింద లోహం తన వేడినంతా పైకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడిపోతుంది. అందుకే దాని మీద మంచు పడుతుంది. టెలిస్కోపు గొట్టమూ అంతే. పై వైపు గోడ చల్లబడి లోపలి గాలిని కిందికి తోస్తుంది, మళ్లీ సుళ్లు మొదలు. దీనికి మందు కష్టమైనదేమీ కాదు. లోపల పలచని కార్క్ షీటో, నల్ల ఫోమ్ షీటో అతికిస్తే సరిపోతుంది.

వేడికి లోహం సాగుతుంది కదా, బొమ్మ చెదిరిపోదా అని అడిగేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. 120 సెంటీమీటర్ల గొట్టం 20 డిగ్రీలు చల్లబడితే అల్యూమినియం కుంచించుకునేది అర మిల్లీమీటరు పైచిలుకు. ఇనుప రేకు దాదాపు అందులో సగం. పీవీసీ ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా. ప్లైవుడ్ అన్నిటికంటే తక్కువ. ఏదైనా ఫోకసర్ కాస్త తిప్పితే సరిపోయేదే. అసలు బెంగ గాలి గురించే పెట్టుకోవాలి.

కాగితమూ గట్టిదే

ఈ మాటకు జాన్ డాబ్సన్‌ను మించిన సాక్షి లేడు. 1915లో చైనాలోని బీజింగ్‌లో పుట్టి, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ పరంపరకు చెందిన వేదాంత మఠంలో 1944 నుంచి 1967 దాకా సన్యాసిగా ఉన్నారాయన. చేతిలో డబ్బు లేదు. ఓడ కిటికీల మందపాటి గాజు తెచ్చి అద్దంగా అరగదీశారు. కాంక్రీటు స్తంభాలు పోయడానికి వాడే అట్ట గొట్టాల్ని టెలిస్కోపు గొట్టాలుగా చేశారు. ప్లైవుడ్ పెట్టెలో వాటిని నిలబెట్టి వీధి చివర పెట్టుకుని, దారినపోయేవాళ్లందరికీ చందమామను చూపించారు. 2014లో ఆయన చనిపోయేనాటికి ప్రపంచమంతటా ఆ పద్ధతి ‘డాబ్సోనియన్’ పేరుతో స్థిరపడింది.

అంత లావు అట్ట గొట్టాలు మన బజార్లలో దొరకడం కష్టమే. కానీ చేసుకోవచ్చు. 200 మిల్లీమీటర్ల పైపుకు ముందు ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద ఖాకీ కాగితాన్ని మైదా జిగురుతో పొర మీద పొరగా అతికిస్తూ పోతే, ఇరవై ముప్పై పొరలకు చెక్కలా బిగుసుకుంటుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్లు మైదా జిగురులో కొద్దిగా మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. అది విషం కాబట్టి ఆ పని పెద్దలే చేయాలి, తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. ఆరిన గొట్టానికి లోపలా బయటా, ముఖ్యంగా కోసిన అంచులకు, వార్నిష్ పట్టించాలి. అట్టకు శత్రువు మన వానాకాలమే.

చిన్న తరగతుల పిల్లలకు ఇంకా తేలిక దారుంది. కళ్లద్దాల దుకాణంలో ప్లస్ ఒకటి పవర్ కటకం అడిగితే, దాని నాభ్యంతరం సరిగ్గా ఒక మీటరు. ఫ్లెక్సీలు అచ్చు వేసే షాపులో గుడ్డ చుట్టివచ్చిన అట్ట గొట్టాలు పారేస్తుంటారు. ఆ గొట్టం కొసన ఈ కటకం, ముందు రెండు సెంటీమీటర్ల రంధ్రమున్న నల్ల అట్ట, వెనక 25 మిల్లీమీటర్ల ఐపీస్. నలభై రెట్లు పెద్దగా కనిపిస్తుంది. చందమామ మీది గుంటలకూ, గురుడి చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలకూ అది చాలు. 1610లో గెలీలియో ఆ ఉపగ్రహాల్ని చూసిన దుర్భిణి ఇరవై రెట్లే పెద్దదిగా చూపించేది. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో దాచిన ఆయన గొట్టాల్లో ఒకటి చెక్క మీద కాగితం చుట్టింది, ఇంకొకటి చెక్క బద్దల మీద తోలు తొడిగింది.

నాలుగు పలకల పెట్టె

గొట్టం గుండ్రంగానే ఉండాలని ఎవరన్నారు? నాలుగు ప్లైవుడ్ పలకలు కలిపి పొడవాటి పెట్టె చేస్తే చాలు. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, మూలల్లో సన్నని కర్ర పట్టీలు వేసి చేస్తే బరువు నాలుగు కిలోలు. అంటే పీవీసీకి దాదాపు సమానమే. తేడా వాడకంలో తెలుస్తుంది. చెక్క వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. మంచు అంత తొందరగా పట్టదు. మూలల్లో ఖాళీ ఉంటుంది కాబట్టి వెచ్చని గాలి అటుగా వెళ్లిపోతుంది. ఫోకసర్ బిగించడానికి చదునైన పలక దొరుకుతుంది. గుండ్రటి పైపు మీద ఫోకసర్ నిటారుగా నిలపడానికి ఎంత అవస్థ పడాలో చేసినవాళ్లకు తెలుసు. ఓ వైపు పలకను మరలతో బిగిస్తే, ఎప్పుడైనా ఊడదీసి లోపల సరిచేసుకోవచ్చు.

తడి తగిలితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, చెద భయమూ ఉంది. నీటికి ఆగే రకం తీసుకుని, అంచులు వదలకుండా రంగేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. లోపలి వైపు బడి నల్లబల్లకు వేసే రంగు వాడండి. మెరుపు లేని నలుపు అది. రంగు తడిగా ఉండగానే సన్నని రంపపు పొట్టు చల్లి, ఆరాక దులిపి, మళ్లీ ఓ పూత వేస్తే గోడ గరుకుగా మారి పక్క వెలుతురును మింగేస్తుంది.

ఇంకాస్త ముందుకెళ్తే గొట్టమే లేకుండా కూడా చేయొచ్చు. కింద ఓ పెట్టె, పైన ఓ చట్రం, మధ్యలో కడ్డీలు, చుట్టూ నల్లగుడ్డ. పదంగుళాలు దాటిన అద్దాలకు ఇదే మంచిది. హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివిన వేణు బాప్పు పేరు పెట్టిన పెద్ద టెలిస్కోపు తమిళనాడులోని కావలూరులో ఉంది. అద్దం వెడల్పు 2.34 మీటర్లు. దానికీ మూసిన గొట్టం లేదు, ఉక్కు చట్రమే. ఆరంగుళాలకు అంత హంగు అక్కర్లేదు.

ఏది వాడకంలో ఉంటుందో అదే మంచిది

1781లో విలియం హెర్షెల్ ఇంగ్లండులోని బాత్ పట్నంలో తన ఇంటి పెరట్లోంచి యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఆ అద్దం వెడల్పు ఆరంగుళాల పైచిలుకు, గొట్టం చెక్కది. మన భీమ్‌గల్ అమ్మాయి చేయబోయేదీ ఆ కొలతదే. తర్వాత ఆయనే 48 అంగుళాల అద్దంతో, నలభై అడుగుల ఇనుప గొట్టంతో ఓ మహా టెలిస్కోపు కట్టాడు. రాజుగారు డబ్బిచ్చారు, చూడ్డానికి జనం వచ్చారు. కానీ దాన్ని తిప్పడం, సరిచేయడం తలకు మించిన పని. అందుకే ఎక్కువ రాత్రులు తన పాత ఇరవై అడుగుల టెలిస్కోపుతోనే గడిపాడు.

మన దగ్గరా ఈ ముచ్చట ఇళ్లలోనే మొదలైంది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంతంగా వేధశాల పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కణ్నుంచే 1874లో సూర్యుడి ముందుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించారు. హైదరాబాద్‌లో నవాబు జఫర్ జంగ్ 1901లో పదిహేను అంగుళాల టెలిస్కోపు తెప్పించి నిజామియా వేధశాలకు పునాది వేశారు. వాళ్లకు ఇంగ్లండు, ఐర్లండు నుంచి ఓడల్లో తెప్పించుకునే స్తోమత ఉంది. పసుపు ధర ఏటా పైకీ కిందికీ ఊగే ఇంట్లో అలా కుదరదు. అందుకే గొట్టం ఎంచుకునేటప్పుడు ఏ వస్తువు గొప్పదని కాకుండా, రేపు పాడైతే ఎవరు బాగుచేస్తారని అడగాలి. మీ వీధిలో మంచి వడ్రంగి ఉంటే ప్లైవుడ్ పెట్టె చేయించండి. రేకు పనివాళ్లతో చనువుంటే రేకు గొట్టం. ఇంట్లో పైపు ముక్క తప్ప మరేం లేకపోతే దాంతోనే మొదలుపెట్టండి. అద్దం ఎప్పటికీ అదే, గొట్టాన్ని మరుసటేడు మార్చుకోవచ్చు. అన్నీ అందుబాటులో ఉంటే మాత్రం నా ఓటు చెక్క పెట్టెకే.

వాడేటప్పుడు

చూడబోయే గంట ముందే టెలిస్కోపును ఆరుబయట పెట్టండి. అంగుళం మందం అద్దం బయటి గాలితో సమానంగా చల్లబడాలంటే అంత సమయం కావాలి. ఎండకు కాలిన స్లాబు మీద కంటే మట్టి వాకిట్లో, గడ్డి మీద పెట్టుకుంటే చూపు నిలకడగా ఉంటుంది. స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

రెండు కొసలకూ బిగుతైన మూతలు ఉండాలి. పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టే రోజుల్లో గాల్లో లేచే దుమ్ము అద్దం మీద పడితే తుడవడం కష్టం, తుడిస్తే గీతలు. ఇక కోతుల సంగతి వేరే చెప్పాలా? పని కాగానే ఇంట్లో పెట్టుకోవడమే.

అన్నిటికంటే ముఖ్యమైంది ఒకటి. ఏ టెలిస్కోపునీ సూర్యుడి వైపు తిప్పకండి. క్షణంలో చూపు పోతుంది. పగటిపూట అద్దాన్ని మూత లేకుండా ఎండలో వదిలినా ప్రమాదమే, ఎదురుగా ఉన్నది అంటుకోవచ్చు.

వానాకాలంలో ఎలాగూ మబ్బులే. ఆ నెలల్లో అద్దం, గొట్టం పని పెట్టుకుంటే దసరా దాటి ఆకాశం తేటపడేసరికి టెలిస్కోపు సిద్ధమవుతుంది. కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతర నాటికి నలుగురికీ చూపించొచ్చు. కాకపోతే పున్నమి చంద్రుడిలో నీడలుండవు, గుంటలు తెలియవు. పంచమి నుంచి అష్టమి దాకా చూడండి, వెలుగూ చీకటీ కలిసే గీత వెంట కొండలు లేచి నిలబడినట్టుంటాయి. ఆ తర్వాత శని. 2025లో దాని వలయాలు మనకు అంచువైపుగా తిరిగి గీతలా సన్నబడ్డాయి. అక్కణ్నుంచి ఏటా కొంచెం కొంచెం విచ్చుకుంటూ 2032 నాటికి నిండుగా కనిపిస్తాయి. అప్పటిదాకా ప్రతి చలికాలం ఓసారి చూసి, బొమ్మ గీసి, తేదీ వేసి పెట్టుకోమనండి పిల్లల్ని.